పదకొండు నిమిషాల ముందున్న గడియారం

తేడాల టీచర్ లాండ్రీ గేటు దాటేసరికి ఉదయం పదకొండయింది. జీపు అప్పటికే బయటికి ముఖం తిప్పుకుని నిలబడి ఉంది. దానికి ఆనుకుని ఇన్‌స్పెక్టర్ చేతివాచీ చూసుకుంటున్నాడు.

"రండి టీచర్, రండి. మీరొస్తారని తెలుసు. పన్నెండున్నరకి బయల్దేరుతున్నాం. ఒంటిగంటకి కోర్టులో ఉండాలి. ఆలోపు మీ తేడాలేవో చూసేసుకోండి" అన్నాడు.

"గంటన్నర ఇచ్చారా? నేను పిల్లలకి పరీక్ష పెడితే మూడు గంటలిచ్చేదాన్ని."

"మీ పరీక్షలో ఎవరూ చావలేదుగా."

ఆవిడ నవ్వలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో సైన్సు చెప్పిన మనిషి. చూడ్డానికి ఒకేలా ఉండే రెండింటిని బల్లమీద పక్కపక్కన పెట్టి, తేడా చెప్పేదాకా ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. బట్టల సోడా, వంట సోడా. పొగ, ఆవిరి. ఆ పేరు పిల్లలు పెట్టిందే. రిటైరయ్యాక ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్ పనిలో దిగితే ఆ పేరు కూడా వెంటే వచ్చేసింది. ఆ తేడాల పుణ్యమా అని ఇన్‌స్పెక్టర్‌వి ఇప్పటికి రెండు కేసులు తలకిందులయ్యాయి. మూడోది కూడా ఆవిడ చేతిలో పెట్టే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు.

కేసు వివరాలు ఆవిడకి కంఠతా వచ్చు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ ఇది. బుధవారం మధ్యాహ్నం యజమాని దుప్పట్ల గదిలో గోడ టెలిఫోన్ పట్టుకుని ఆసుపత్రి స్టోరు గుమాస్తాతో మాట్లాడుతున్నాడు. వెనకనుంచి తలమీద దెబ్బ పడింది. గుమాస్తాకి దబ్బుమన్న చప్పుడు వినిపించి, లైను తెగిపోయింది. టెలిఫోన్ ఆఫీసులో ఆ నిమిషం నమోదై ఉంది. మూడు గంటల తొమ్మిది నిమిషాలు. శవం పక్కన దొరికింది బాయిలర్లో బొగ్గు కెలికే ఇనుపకడ్డీ. దానిమీద వేలిముద్రలు లేవు. ఈ లాండ్రీలో చేతి తొడుగులు లేని మనిషెవరు?

ఆ కడ్డీ బాయిలర్ మనిషిది. అతన్ని ఇక్కడ అందరూ అల్లుడనే పిలుస్తారు. ఇస్త్రీ హాలు మొత్తానికి పెద్ద దిక్కయిన పెద్దమ్మకి అతను సొంత అల్లుడు. పెద్దమ్మ కూతురు, అంటే అతని భార్య, మేడమీద ఆఫీసులో టైపు పని, ఫోన్లు చూసుకుంటుంది. ఆమెకీ యజమానికీ మధ్య ఏదో ఉందని ఏడాదిగా గుసగుసలు. ఒకటో తారీఖునుంచి ఆమెను పనిలోంచి తీసేస్తున్నట్టు యజమాని ఆమె చేతే టైపు కొట్టించిన ఉత్తరం సొరుగులో దొరికింది. ఇన్‌స్పెక్టర్‌కి ఇంకేం కావాలి? భార్యని ఆడించి రోడ్డున పడేస్తున్నాడని మొగుడు కడ్డీ ఎత్తాడు, అంతే.

అల్లుడి మెడకి ఉరి బిగించింది మాత్రం పెద్దమ్మ మాటే. ఆవిడేమో కాపాడదామనే నోరు విప్పింది. "మూడింటి దాకా నా దగ్గరే కూర్చున్నాడు బాబూ" అని వాంగ్మూలం ఇచ్చింది. మూడింటికి హాల్లోంచి లేచిన మనిషికి దుప్పట్ల గది మూడు నిమిషాల నడక. మూడూ తొమ్మిదికి దెబ్బ వెయ్యడానికి కావలసినంత టైముంది. ఆ సంగతి తెలిసిన మరుక్షణం పెద్దమ్మ టీచర్ ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. "నా కూతురి కాపురం నా నోటితోనే కూల్చుకున్నాను టీచరమ్మా. వాడు చీమకి కూడా హాని చెయ్యడు" అని ఏడ్చింది. ఆ ఏడుపు టీచర్‌కి రాత్రంతా చెవుల్లోనే ఉంది.

అల్లుణ్ణి బాయిలర్ గదిలోనే కూర్చోబెట్టారు. రెండు రోజులుగా మంట లేక బాయిలర్ చల్లబడి ఉంది. బేడీలు వేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అతను నేలచూపులు చూస్తున్నాడు. కుడి ముంజేతికి కట్టు ఉంది.

"ఆ కట్టు విప్పించండి" అంది టీచర్.

"విప్పిస్తాను, చూసి తరించండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దుప్పట్ల గది గోడవెంట వేడి గొట్టం పోతుంది. యజమాని పడిపోతూ వీణ్ణి పట్టి లాగాడు. వీడి చెయ్యి గొట్టానికి అంటుకుంది. బుధవారం నాటి గాయమేనని డాక్టరు కూడా చెప్పాడు."

టీచర్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది కాలిన చెయ్యి కాదండీ. ఉడికిన చెయ్యి."

"ఏదైతేనేం? వేడే కదా!"

"అక్కడే పొరబడ్డారు. వేడి గొట్టం అంటుకుంటే దాని ఆకారం ఒంటిమీద దిగుతుంది. అంచులు గీత గీసినట్టుంటాయి. లోపల పొడిగా, తోలులా గట్టిపడుతుంది. కావాలంటే ఇస్త్రీ హాల్లో ఏ ఆడమనిషి చెయ్యయినా చూడండి. ఆవిరి తగిలితే అలా ఉండదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చెప్పలేం. నీటిబొబ్బలు లేస్తాయి. ఇదిగో, మోచేతి వైపు సన్నగా పాకింది చూశారా? ఆవిరి నీళ్ళయి కారిన దారి ఇది. దుప్పట్ల గదిలో ఆవిరి బయటికొచ్చే చోటు ఎక్కడుందో మీరే చెప్పండి."

టీచర్ అల్లుడి వైపు తిరిగింది.

"ఎలా తగిలింది బాబూ?"

"ఈ వాల్వు దగ్గరే అండీ. వచ్చేసరికి ఆవిరి మీటరు ముల్లు ఎర్రగీత దాకా పోయింది. గాభరాగా తిప్పాను, మీదకి చిమ్మింది." అతను తలెత్తి మీటరు వైపు చూశాడు. "ఎప్పుడూ అంత దూరం పోదు. రోజూ బొగ్గేసి, మంట కుదుటపడ్డాక అత్త దగ్గరికెళ్ళి ఓ పావుగంట నడుం వాలుస్తాను. పావుగంటలో ముల్లు పెద్దగా కదలదు. ఆ రోజేమయిందో నాకే అర్థం కాలేదు."

"ఎప్పుడు లేచావు?"

"అత్త 'మూడయింది, లేరా' అంది. లేచాను. నా దగ్గర వాచీ లేదు కదండీ. లోపలికి ఎవర్నీ తేనివ్వరు."

అది నిజమే. తిరిగే ఇస్త్రీ రోలర్లలో వాచీ పట్టీ చిక్కుకుంటే చెయ్యి కూడా పోతుంది. వాచీలు, ఉంగరాలు, ఫోన్లు అన్నీ గేటు దగ్గర పెట్టెల్లో పెట్టి రావాల్సిందే.

"సరే, ఆవిరే అనుకుందాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడూ తొమ్మిదికి చంపాడు. పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు ఉడికింది చెయ్యి. కాదనడానికి మీ దగ్గరేముంది?"

బయట కాచుకుని ఉన్న పెద్దమ్మని వెంటబెట్టుకుని టీచర్ ఇస్త్రీ హాలు వైపు నడిచింది. టైము పదకొండూ ఇరవై ఐదయింది.

ఇస్త్రీ హాలు తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. హత్య జరిగిన రోజు ఎక్కడి పని అక్కడే ఆపించి తాళం వేశారు. సగం రోలర్ల మధ్యా సగం బయటా ఉండిపోయిన తడి దుప్పట్లు పులిసి కంపు కొడుతున్నాయి. పెద్దమ్మ వాటిని చూసి "అయ్యో" అంది. ఎదురు గోడమీద ఎత్తుగా, అద్దం తలుపు ఉన్న పాతకాలపు లోలకం గడియారం టక్కు టక్కుమంటోంది. వారానికోసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే రకం.

"దాన్ని పట్టుకుని వేలాడదామనుకుంటున్నారేమో. మీ పప్పులు ఇక్కడ ఉడకవు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బుధవారం రాగానే నా వాచీతో పోల్చి చూశాను. నిమిషం తేడా లేదు. అది చాలక పెద్దమ్మని కూడా అడిగాను, ఈ గడియారాన్ని నమ్మొచ్చా అని."

"ఏమంది?"

"ఇరవై ఏళ్ళలో ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదంది."

టీచర్ తన వాచీ చూసుకుంది. పదకొండూ ముప్పై రెండు. గోడ గడియారం కూడా అదే చెబుతోంది. ఇక మిగిలింది ఒక్కటే. అంత దూరంనుంచి ముసలి కళ్ళు ముళ్ళని సరిగ్గా చూడగలవా లేదా అన్నది.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వెక్కడ నిలబడ్డావో అక్కడే నిలబడు. ఇప్పుడు టైమెంతయింది?"

పెద్దమ్మ తలెత్తి ఒక్క చూపు చూసింది. "పదకొండూ ఇరవై ఒకటి."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "చూపు ఆనడం లేదన్నమాట! అయినా నా సాక్షిని మీరే పడగొడితే ఎలా టీచర్? కడ్డీ ఉంది, ఉత్తరం ఉంది. వాటితోనే లాగిస్తాను."

టీచర్ అతని వైపు చూడనైనా లేదు.

"పెద్దముల్లు ఎక్కడుంది పెద్దమ్మా?"

"ఆరు దాటింది. ముప్పై రెండు దగ్గర."

"అంటే నీకు స్పష్టంగానే కనిపిస్తోంది. మరి ఇరవై ఒకటన్నావేం?"

పెద్దమ్మ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "పదకొండు తీసెయ్యాలి కదమ్మా."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు తీసెయ్యాలి?"

"గడియారం ముందుంటుంది కదా! పోయిన యజమాని తండ్రి ఉన్న రోజుల్లో, అందరూ ఆలస్యంగా వస్తున్నారని ముందుకు తిప్పించాడు. మేం ఊరుకుంటామా? వారం తిరక్కుండా ఎంత తిప్పాడో లెక్క పట్టేశాం. అప్పట్నుంచి అందరం పదకొండు తీసేసే చెప్పుకుంటాం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్తాం. తర్వాత ఆ మాటే రాదు. తీసేస్తున్నామని కూడా మాకు గుర్తుండదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెరిగింది.

"మీరు నమ్మొచ్చా అని అడిగారు బాబూ. నమ్మొచ్చు. ఎప్పుడు చూసినా పదకొండే. పన్నెండు కాదు, పది కాదు."

టీచర్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "తప్పు ఆవిడది కాదు, మీరు రెండింటిని ఒకటనుకున్నారు. నిలకడగా ఉండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు. రోజూ అదే పదకొండు నిమిషాలు ముందుండే గడియారం ఎంతో నిలకడైంది, కానీ ఒక్క క్షణం కూడా సరైన టైము చూపించదు. ఇంకో గడియారం ఉంటుంది. ఇవాళ రెండు నిమిషాలు ముందు, రేపు రెండు నిమిషాలు వెనక. దానికి నిలకడ లేదు, అయినా ఎప్పుడూ నిజానికి దగ్గర్లోనే తిరుగుతుంది. మీరు అడిగింది సరిగ్గా ఉందా అని. ఆవిడ చెప్పింది నిలకడ గురించి."

"కానీ ఇప్పుడది సరిగ్గానే ఉంది కదా!"

"ఉంది. నా వాచీలోనూ పదకొండూ ముప్పై నాలుగే ఉంది."

పెద్దమ్మ గడియారాన్నీ, టీచర్ చేతినీ మార్చి మార్చి చూసింది. "ఎవరో మార్చారు" అంది.

"ఎప్పుడు మార్చారన్నదే ప్రశ్న. భోజనాల గంట కొట్టేదెవరు?"

"నేనే. దీన్ని చూసే కొడతాను. ముల్లు ఒకటీ నలభై ఒకటి మీదకి రాగానే ఒకటిన్నర అయినట్టు. అందర్నీ పెరట్లోంచి లోపలికి పిలుస్తాను."

"బుధవారం భోజనాలెలా సాగాయి?"

పెద్దమ్మ ఆలోచించింది. "తీరిగ్గా సాగాయమ్మా. అందరం రెండోసారి టీ కూడా తాగాం. ఇవాళేంటి ఇంత టైముంది అనుకున్నాం."

టీచర్ కానిస్టేబుల్‌ని పంపి గేటు పుస్తకం తెప్పించింది. గేటు దగ్గరి తాతకి జేబులో సొంత గడియారముంది. పనివాళ్ళు పెరట్లోంచి లోపలికి వెళ్ళే టైము రోజూ రాస్తాడు. రాయడం తప్ప ఎందుకని అడిగే అలవాటు ఆయనకి లేదు. సోమవారం ఒకటీ ముప్పై. మంగళవారం ఒకటీ ముప్పై. బుధవారం ఒకటీ నలభై ఒకటి. అంతకుముందు పేజీల్లో కూడా ముప్పై తప్ప మరో అంకె లేదు.

"బుధవారం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో ఈ అద్దం తలుపు తీశారు. లోలకాన్ని ఆపి, పదకొండు నిమిషాలు నిలబడి, మళ్ళీ వదిలారు. అంతే పని. పెద్దమ్మా, అల్లుణ్ణి లేపినప్పుడు పెద్దముల్లు ఎక్కడుంది?"

"రెండు దాటి కొంచెం. మూడూ పదకొండు."

"అది నిజంగానే మూడూ పదకొండు. హత్య జరిగింది మూడూ తొమ్మిదికి. ఆ నిమిషంలో మీ అల్లుడు నీ పక్కన స్టూలు మీద కునికిపాట్లు పడుతున్నాడు."

పెద్దమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ హాల్లో అటునుంచి ఇటు రెండుసార్లు తిరిగాడు. మొండివాడే గానీ మొద్దు కాదు. "పెద్దమ్మా, ఆ రోజు అతను రోజూకంటే ఎక్కువసేపు కూర్చున్నాడా?" అనడిగాడు.

"అవును బాబూ. ముందే వచ్చేశాడేంటి అనుకున్నా."

"ముందు రాలేదు. మంట చూసుకుని రోజూ వచ్చే టైముకే వచ్చాడు. నువ్వు లేపడం పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. అందుకే ముల్లు ఎర్రగీత దాకా పోయింది." అతను టీచర్ వైపు చూడకుండా అన్నాడు. "బాయిలర్ గది కూడా అంతసేపూ ఖాళీగా ఉంది. కడ్డీ ఎవరైనా తీసుకోవచ్చు."

అతనే బల్లమీద కాగితం పెట్టి కొత్త వాంగ్మూలం రాశాడు. పెద్దమ్మ సంతకం చేసింది. కళ్ళనీళ్ళు కారుతున్నా ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"అమ్మాయి పైన ఆఫీసులోనే ఉంది. ఒక్క పరుగున వెళ్ళి చెప్పొస్తాను. రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు పిచ్చిది."

"వెళ్దువుగానిలే" అంటూ టీచర్ పాత వాంగ్మూలం చేతిలోకి తీసుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఆవిడకి పాత అలవాటు. అల్లుడు లేచి వెళ్ళిన వాక్యం కింద ఇంకో వాక్యం ఉంది. "మూడూ తొమ్మిదికి మా అమ్మాయి చీటీ పట్టుకుని హాల్లోకి వచ్చింది."

ఆవిడ ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. చదవకుండా ఉండాల్సింది అనిపించింది. మడిచి సంచిలో పెట్టేసుకుందామనుకుంది. కానీ అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఆవిడ భుజం మీదుగా చూస్తున్నాడు.

"దీనికీ పదకొండు కలపాలి కదా టీచర్?" అన్నాడు నెమ్మదిగా.

కలపాలి. మూడూ ఇరవై. యజమాని చనిపోయిన పదకొండు నిమిషాల తర్వాత. ఏ పదకొండు నిమిషాలు అల్లుణ్ణి లోపలికి నెట్టాయో, అవే కూతుర్ని ఇంతవరకూ కాపాడుతూ వచ్చాయి.

"అమ్మాయి రాగానే ఏమంది పెద్దమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఆసుపత్రి చీటీ ఇచ్చింది. టైమెంతయిందమ్మా అనడిగింది. ముల్లు మూడూ ఇరవై మీదుంది, మూడూ తొమ్మిదని చెప్పాను."

"గడియారం అద్దానికి తాళం ఉంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"మా అమ్మాయి దగ్గరే బాబూ." పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ కాస్త గర్వంగానే చెప్పింది. "ఆఫీసు సొరుగులో పెట్టుకుంటుంది. సోమవారం సోమవారం కీ ఇచ్చేది అదే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వ..."

మాట మధ్యలో ఆగిపోయింది. టీచర్‌కి ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. బడిలో ఎన్నో తేడాలు చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఈ ఒక్క తేడా కనిపెట్టినందుకు తనని తాను తిట్టుకుంది. అమ్మ అబద్ధం చెప్పదని కూతురికి తెలుసు. అమ్మ పదకొండు తీసేస్తుందనీ తెలుసు. ఆ రెండూ నమ్ముకునే ఈ పని చేసింది.

"అంటే... నా చేత..." అంది పెద్దమ్మ.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. జీపు బయల్దేరే ముందు మొగుణ్ణి చూడాలని కాబోలు, కూతురు కిందకి దిగి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. బల్లమీద తెరిచి ఉన్న గేటు పుస్తకాన్ని చూసింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో తడి ఆరని కాగితాన్ని చూసింది. గోడ గడియారం వైపు మాత్రం చూడలేదు.

"అమ్మా" అంది. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా అమ్మ వెనక దాక్కున్న పిల్ల గొంతు అది. "ఆయన వెళ్ళింది మూడింటికే కదమ్మా? నువ్వు చూశావు కదా. పోలీసులకి కూడా చెప్పావు. అంతే కదా?"

పెద్దమ్మ ఔనంటే చాలని టీచర్‌కి తెలుసు. కంగారులో తప్పు రాయించి సంతకం పెట్టానంటే కోర్టులో ఆ కాగితం చెల్లదు. జీపు పన్నెండున్నరకి అల్లుడితోనే బయల్దేరుతుంది. కూతురు ఇంటికి వెళ్ళిపోతుంది. ఇన్‌స్పెక్టర్ కూడా ఆవిడ వైపే చూస్తున్నాడు.

"చెప్పమ్మా. మూడే కదా?"

పెద్దమ్మ లేచి కూతురి దగ్గరికి వెళ్ళింది. దాని చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"మూడూ పదకొండు తల్లీ" అంది. "అందులోంచి తీసెయ్యడానికి ఏమీ లేదు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పిలిచి, బాయిలర్ గదిలోకి వెళ్ళి ఆ బేడీలు విప్పి ఇక్కడికి తెమ్మన్నాడు.